బంగారం పక్కన పల్లాడియం

బాపు గనిలో కూలిపోయిన రోజు నేను డిగ్రీ రెండో సంవత్సరం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ముగించుకొని కాలేజీ గేటు దగ్గర ఆటో కోసం చూస్తున్నాను. మా వరుస క్వార్టర్లలో ఉండే బావ ఒకాయన మోటారు సైకిల్ మీద వచ్చి ఆగాడు.

"బాపును దవాఖానకు తీస్కపోయిండ్రు. మాట్లాడుతుండు, ఫికర్ చెయ్యకు. ఎక్కు," అన్నాడు.

గోదావరిఖనిలో పెరిగినవాళ్లకు ఆ మాటల వరుస తెలుసు. ముందు దవాఖాన అంటారు, వెంటనే మాట్లాడుతున్నాడని అంటారు. ఆ రెండో మాట రాకపోతేనే భయపడాలి. అయినా దారి పొడవునా ఆ రెండో మాటనే బావ చేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను.

బాపు మంచం మీద ఆక్సిజన్ మాస్కుతో పడుకొని ఉన్నాడు. ముఖం ఇంకా కడగలేదు. నేను అవ్వ అని పిలిచే మా అమ్మ ఆయన కాళ్ల దగ్గర కూర్చొని పాదాలు పట్టుకొని ఉంది. జరిగిందేమిటో ఆయనతో కలిసి పనిచేసే కాక చెప్పాడు. బొగ్గు తీసేసి గోడ కట్టి మూసిన పాత చోట్లలో మిగిలిన బొగ్గు దానంతటదే వేడెక్కుతుంది. మా బొగ్గు స్వభావమే అంత. నిప్పు కంటికి కనబడకముందే దాని నుంచి కార్బన్ మోనాక్సైడ్ బయలుదేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బాపుకు మొదట తలనొప్పి వచ్చిందట. తర్వాత మోకాళ్లలో సత్తువ పోయిందట. కేకేద్దామంటే నోరు పెగల్లేదట. వెనక వస్తున్నవాళ్లు చూసి మంచి గాలి ఆడే దారిలోకి లాక్కొచ్చారు. ఆ రోజు ఎవరి ప్రాణమూ పోలేదు.

డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రవాడే. ఓపికగా చెప్పాడు. నెత్తుటిలో ఇనుము ఉంటుందని, మనం పీల్చే ఆక్సిజన్ దానికి అంటుకొని ఒళ్లంతా తిరుగుతుందని, ఈ విషగాలి వస్తే ఆ ఇనుమును ఆక్సిజన్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకొని వదలదని. ఇప్పుడు మంచి ఆక్సిజన్ ఎక్కువగా ఎక్కిస్తే మెల్లగా దాన్ని నెట్టేస్తుందని.

నేను ఆ పూట ఏడవాల్సింది. ఏడవకుండా ఒక ప్రశ్న అడిగాను. "గా గాలి ఇనుమునే పట్టుకుంటదా సార్? వేరే లోహాలను గూడ పట్టుకుంటదా?"

ఆయన నన్ను తేరిపార చూశాడు. అది కెమిస్ట్రీవాళ్లు చెప్పాలన్నాడు. నేను కెమిస్ట్రీయే చదువుతున్నానని తెలిసి నవ్వి, అయితే నువ్వే తెలుసుకోవాలి మరి అన్నాడు.

బాపు కోలుకున్నాడు, సెలవు అయిపోగానే మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. అవ్వ మాత్రం చాలా రోజులు ఒకే మాట అనుకుంటూ తిరిగింది. పాము అయితే బుస కొడుతుంది, పులి అయితే అడుగుల జాడ ఉంటుంది, దీనికి ఏమీ లేకపాయె, మరి దీన్ని పట్టేదెట్ల అని. పొయ్యి దగ్గరా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే. నాకు ఆ ప్రశ్న ఎక్కడో గుచ్చుకుంది.

బాపుకు ఒక స్నేహితుడు ఉండేవాడు. గని పైన, గాలిని కొలిచే మీటర్లు బాగుచేసే గదిలో మెకానిక్. నేను చాచా అని పిలిచేదాన్ని. ఇంట్లో దక్కనీ మాట్లాడేవాడు, మాతో తెలుగే, మధ్యలో ఒకటీ రెండూ ఉర్దూ మాటలు. నా గోల పడలేక బాపు ఒక సెలవు రోజు నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. చాచా పనికిరాకుండా పోయిన మీటరు ఒకటి విప్పి, లోపలున్న గింజను నా అరచేతిలో పెట్టాడు. ఆవగింజ కంటే కొంచెం పెద్దది. దాని కడుపులో సన్నటి ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. తీగలో కరెంటు పోయి గింజ వేడెక్కుతుంది. మండే గాలి ఏదైనా దాని మీదికి వస్తే మంట లేకుండానే అక్కడ కాలిపోతుంది. ఆ వేడికి తీగలో పోయే కరెంటులో తేడా వచ్చి మీటరు ముల్లు లేస్తుంది.

"ఇదే అసలు తక్లీఫు బేటా," అన్నాడు చాచా. "ఏ గాలి వచ్చినా లేస్తది. గనుల మామూలుగ ఉండే మీథేన్‌కూ లేస్తది, మీ బాపును పడగొట్టినదానికీ లేస్తది. ఒక్కదానికే లేవాలె, ఇంకోదానికి ఊకోవాలె. గసుంటి గింజ ఉంటే ఎంత మంచిగుండు."

కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే వేరే మీటర్లు లేకపోలేదు. వాటిలో తడి మందు ఉన్న సెల్లు ఉండేది. మా ఎండలకు అది ఎండిపోయేది. చాచా వాటిని మార్చీ మార్చీ విసిగిపోయాడు. నేను ఆ రోజు పాత గింజను కాగితంలో చుట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాను. నా జీవితంలో నాకు నచ్చిన మొదటి వస్తువు అదే అంటే ఎవరూ నమ్మరు.

హైదరాబాదులో ఎమ్మెస్సీ చేశాను. నస్పూర్‌లో ఉండే పెద్దనాయన బీఎడ్ చేసి ఊళ్లోనే టీచరుద్యోగం చూసుకొమ్మన్నాడు. బాపు ఆయనతో వాదించలేదు, పిల్లకు చదువు మీద మనసుందని మాత్రం చెప్పి హాస్టలుకు నా ట్రంకు పెట్టె మోసుకొచ్చాడు. తర్వాత అక్కడే పీహెచ్‌డీలో చేరాను. నా గైడు ఒక మేడం. లోహాల ఉపరితలాల మీద పనిచేసేది. ఎందుకు ఈ విషయమే అని అడిగితే బాపు సంగతి, గింజ సంగతి చెప్పాను. ఆమె అంతా విని, కథ బాగుంది, పని చేయగలవా అంది. చేయగలనన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు గాజు గొట్టం సరిగ్గా కోయడం కూడా రాదు.

నేను చేసిన పనేమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి. కష్టమైనదేమీ కాదు. ఒక లోహపు ముక్కలో లోపలున్న పరమాణువులకు అన్ని వైపులా తోడుంటుంది. పైవరుసలో ఉన్నవాటికి పైన ఎవరూ ఉండరు. గాలిలో తిరిగే అణువులు వచ్చి అక్కడ అంటుకుంటాయి. పుస్తకాల్లో దాన్ని అధిశోషణం అంటారు. అంటుకున్న అణువులు పక్కపక్కన నిలబడి కలిసిపోయి, కొత్త పదార్థంగా మారి ఎగిరిపోతాయి. కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ రెండూ ఒకే లోహం మీద దిగితే బొగ్గుపులుసు గాలి అవుతాయి. అదే మనం ఊపిరి వదిలినప్పుడు వచ్చే గాలి.

చిక్కు ఎక్కడంటే, పల్లాడియం అనే లోహం కార్బన్ మోనాక్సైడ్‌ను విపరీతంగా పట్టుకుంటుంది. బాపు నెత్తుటిలో ఇనుము పట్టుకున్నట్టే. చల్లగా ఉన్నప్పుడు పైభాగమంతా అదే ఆక్రమిస్తుంది. ఆక్సిజన్ అణువు విడిపోయి దిగాలంటే పక్కపక్కన రెండు ఖాళీలు కావాలి. ఖాళీ దొరకదు, పని జరగదు. బాగా వేడి చేస్తే జరుగుతుంది, కానీ అంత వేడిలో మీథేన్ కూడా కాలుతుంది. అప్పుడు చాచా చెప్పిన తక్లీఫు మళ్లీ మొదటికే వస్తుంది. ఇక బంగారం సంగతి పూర్తిగా వేరు. దానికి ఏ అణువూ గట్టిగా అంటుకోదు. ఈ రెండింటినీ కలిపి మిశ్రమలోహం చేస్తే, బంగారం పక్కనున్న పల్లాడియం తన పట్టు కొంచెం సడలిస్తుందని, గోరువెచ్చటి వేడిలోనే పని నడుస్తుందని నా ఆశ. మీథేన్ అంత తక్కువ వేడికి చలించదు. అంటే ముల్లు ఒక్కదానికే లేస్తుంది.

రెండు లోహాల లవణాలనూ నీళ్లలో కరిగించి, వాటి నుంచి సన్నటి లోహపు పొడి చేసి, గాజు గొట్టంలో పెట్టి, వేడి చేసి శుద్ధి చేసేదాన్ని. తర్వాత దాని మీదుగా కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని పంపేదాన్ని. ఏం బయటికి వచ్చిందో కొలిచే యంత్రం ఉంది, కానీ దాని ముందు డిపార్టుమెంటంతా వరుస కట్టి ఉండేది. అందుకని నేను బయటికొచ్చే గాలిని ఒక సీసాలో సున్నపు తేటలోకి వదిలేదాన్ని. పని జరిగితే బొగ్గుపులుసు గాలి తగిలి తేట తెల్లబడుతుంది, లేకపోతే అలాగే ఉంటుంది. స్కూలు పిల్లల పరీక్ష అని తోటివాళ్లు నవ్వేవాళ్లు. నాకు మాత్రం కంటితో చూడాలనిపించేది.

మొదటి ఏడాదంతా ఆ తేట నన్ను చూసి జాలిపడినట్టు అలాగే ఉండిపోయింది. రెండో ఏడు తెలంగాణ కోసం యూనివర్సిటీలో ఊరేగింపులు, బందులు మొదలయ్యాయి. ఒక వారం కాలేజీకి ఏ సామానూ రాలేదు. నా హైడ్రోజన్ సిలిండరు అయిపోయింది. పొడిలో మిగిలిన ఆక్సిజన్‌ను తీసేయడానికి హైడ్రోజన్‌లో వేడి చేయడం ఆనవాయితీ. కింది అంతస్తులోని లాబ్‌వాళ్ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ కలిపిన సిలిండరు ఉంటే అడిగి తెచ్చుకున్నాను. అదీ ఆక్సిజన్‌ను తీసేసేదే కదా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం సున్నపు తేట తెల్లబడింది. ముందు గాజు మసకబారిందేమో అనుకొని కొంగుతో తుడిచాను. లోపలే తెల్లగా ఉంది, పాలు కలిపినట్టు. కొలిమి వేడి చూస్తే చేయి పెట్టి ఓర్చుకోగలిగినంతే. మేడంను పిలుచుకొచ్చాను. ఆమె యంత్రం మీద కూడా చూసి, మళ్లీ చెయ్యి అంది. ఆమె ముఖంలో వెలుగు నాకు కనిపించింది.

మళ్లీ చేస్తే రాలేదు. కొత్త సిలిండరు వచ్చింది, కొత్త పొడి చేశాను, రాలేదు. నీళ్లు మార్చాను, గొట్టం మార్చాను, బంగారపు లవణం వేరేచోట కొన్నాను. రోజులు నెలలయ్యాయి. తేట మళ్లీ తేటగానే ఉండిపోయింది. తోటివాళ్లు ఆ మొదటి రోజు గురించి మాట్లాడటం మానేశారు. అది నవ్వడం కంటే కష్టంగా ఉండేది. చివరికి మేడం నన్ను తన గదిలోకి పిలిచి కూర్చోమంది.

"ఒకసారి వచ్చింది ఫలితం కాదమ్మా. ఎక్కడో ఏదో కలిసి ఉంటుంది. నీ ఏళ్లు దీనికి పోయడం నాకు ఇష్టం లేదు. ఇంకో విషయం ఇస్తాను, తీసుకో."

ఆలోచించుకోవడానికి గడువు అడిగాను. ఇచ్చింది. అంతలోనే రాష్ట్రం కోసం అందరూ పని ఆపేసిన సమ్మె వచ్చింది. హాస్టలు ఖాళీ చేయించారు. బస్సులు పూర్తిగా ఆగిపోకముందే నేను గోదావరిఖని చేరుకున్నాను.

ఊరు కొత్తగా ఉంది. పుట్టినప్పటి నుంచి చెవిలో ఉన్న షిఫ్టు చప్పుళ్లు లేవు. గనులు ఆగాయి. బాపు ఇంట్లో ఉన్నాడు. పగటిపూట బాపును అన్ని గంటలు నేను ఎప్పుడూ చూడలేదు. చౌరస్తాలో జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లు. డప్పులు, జెండాలు, ముఖాలకు గులాబీ రంగు. అవ్వ గంటె పట్టుకొని ముందు వరుసలో ఉండేది. నాలో మాత్రం మేడం మాట తిరుగుతూనే ఉంది. ఏం సంగతని బాపు అడిగితే మొత్తం చెప్పాను, తెల్లబడిన తేటతో సహా. ఆయన చదువు వదిలెయ్యమనీ అనలేదు, పట్టుకొమ్మనీ అనలేదు.

"ఒక్కసారి అయితే అయినట్టే కద బిడ్డా," అన్నాడు. "ఆనాడు ఏం చేసినవో, అచ్చం అదే చెయ్యాలె."

అదే చేస్తున్నా కదా అని నాకు కోపమే వచ్చింది.

రెండు రోజుల తర్వాత ఇంట్లో వంటగ్యాసు అయిపోయింది. సమ్మెలో కొత్త సిలిండరు దొరకదు. పక్కింటక్క దగ్గర ఒకటి ఎక్కువగా ఉంది, తెమ్మని అవ్వ నన్ను పంపబోయింది. వాళ్లది వేరే కంపెనీది, మన పొయ్యికి సరిపోతుందో లేదో అన్నాను.

"గ్యాసు గ్యాసే. ఎవ్వలింటిదైతేంది? జల్ది తే," అంది అవ్వ.

నేను గడప దగ్గరే ఆగిపోయాను. గ్యాసు గ్యాసే అని నేనూ అనుకున్నాను, ఆ బందు వారంలో. ఆక్సిజన్‌ను తీసేసేదే కదా, ఎవరి సిలిండరు అయితే ఏమిటని. ఆ తర్వాత చేసిన ప్రతి పొడినీ హైడ్రోజన్‌లోనే వేడి చేశాను. నీళ్లు, గొట్టం, లవణం అన్నీ మార్చి చూశాను గాని, వేడి చేసిన గాలి సంగతి ఒక్కసారి కూడా తలచుకోలేదు. ఎందుకంటే అది నా లెక్కలో శుద్ధి చేయడం మాత్రమే, పనిలో భాగం కాదు.

సిలిండరు తెచ్చానో లేదో గుర్తులేదు. వరండాలో కూర్చొని ఆలోచించాను. వేడి చేసినప్పుడు మిశ్రమలోహంలో పరమాణువులు కదులుతాయి. ఏ అడ్డూ లేకపోతే బంగారం పైకి తేలుతుంది, పల్లాడియం లోపలికి పోతుంది. అప్పుడు పైనంతా బంగారమే, ఏ అణువూ అంటుకోదు. కానీ వేడి చేసేటప్పుడు చుట్టూ కార్బన్ మోనాక్సైడ్ ఉంటే? దానికి పల్లాడియం అంటే పంచప్రాణాలు. దాన్ని పట్టుకొని పైకి లాగుతుంది. అప్పుడు పైవరుసలో బంగారం, పల్లాడియం పక్కపక్కన ఉంటాయి. నేను కోరుకున్న అమరిక అదే. లోహం మీద గాలి వచ్చి ఊరికే కూర్చుని పోతుందని నేను అనుకున్నాను. గాలికి తగ్గట్టు లోహమే తన పైవరుసను మార్చుకుంటుందన్నది పుస్తకాల్లో చదివీ నా పొడికి వర్తింపజేసుకోలేదు.

బాపుకు చెబితే ఆయన వరండా అంచున కూర్చొని అంతా విని, "అంటే నన్ను పడగొట్టిందే దాన్ని పైకి గుంజుకచ్చిందన్నట్టు," అన్నాడు. అవునన్నాను. అప్పుడు నాకు పరీక్షించడానికి ఏమీ లేదు. లాబ్ మూసి ఉంది, బస్సులు లేవు. సమ్మె గెలవాలని ఊరంతా కోరుకుంటుంటే, నేనూ అదే కోరుకుంటూ, అది తొందరగా గెలవాలని ఇంకొంచెం ఎక్కువగా కోరుకున్నాను. రోజూ అవ్వతో పాటు చౌరస్తాకు వెళ్లి ఉల్లిగడ్డలు కోశాను. చేతులకు పని లేకపోతే పిచ్చెక్కేలా ఉంది.

సమ్మె ముగిశాక దొరికిన మొదటి బస్సులో, కూర్చోవడానికి చోటు లేకపోయినా, హైదరాబాదు వెళ్లాను. మేడంకు నా ఆలోచన చెప్పి, ఇది కూడా రాకపోతే మీరిచ్చిన విషయమే తీసుకుంటానని మాట ఇచ్చాను. ఆమె ఆసక్తిగా విన్నది కాని నమ్మినట్టు లేదు.

ఒకే పొడిని రెండు భాగాలు చేశాను. ఒకదాన్ని హైడ్రోజన్‌లో, రెండోదాన్ని కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిలో వేడి చేశాను. రెండు గొట్టాలు, చివర రెండు సున్నపు తేట సీసాలు. కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది. రెండింటిలోకీ ఒకే గాలి వదిలి, వేడిని మెల్లగా పెంచాను. ఎడమ సీసా కదల్లేదు. కుడి సీసాలో ముందు బుడగల చుట్టూ సన్నటి పొగలా కనిపించింది, చూస్తుండగానే సీసా మొత్తం తెల్లబడింది. నా వెనక నిలబడ్డ మేడం కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుంది. గొట్టాలను అటుదిటు మార్చి చూడమంది. మార్చి కొత్త తేట పోశాను. ఈసారి ఎడమ సీసా తెల్లబడింది. తప్పు సీసాది కాదు, గొట్టానిది కాదు.

అప్పుడు నేను చేయాలనుకున్న పని చేశాను. చచ్చిపడి ఉన్న పొడిని తీసుకొని కార్బన్ మోనాక్సైడ్‌లో వేడి చేశాను. అది లేచి కూర్చుంది. బతికున్న పొడిని హైడ్రోజన్‌లో వేడి చేశాను. అది పడుకుంది. మళ్లీ మొదటిదాన్ని పడుకోబెట్టాను, రెండోదాన్ని లేపాను. ఏడాదిన్నర నన్ను ఏడిపించిన పొడి ఇప్పుడు నా మాట వింటోంది. ఆ గదిలో ఉన్నవాళ్లందరూ పనులు వదిలేసి మా చుట్టూ చేరారు.

"నేను వదిలెయ్యమన్నాను," అంది మేడం. "నువ్వు వదల్లేదు. నాకు చాలా సంతోషంగా ఉంది."

ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

పైవరుసలో ఏముందో చూసే యంత్రం మా దగ్గర లేదు. వేరే రాష్ట్రంలోని ఒక పెద్ద లాబ్‌కు పొడులు తీసుకొని వెళ్లాను. మేం అనుకున్నట్టే, ఒకదాని మీద దాదాపు అంతా బంగారమే ఉంది, రెండోదాని మీద పల్లాడియం పైకి వచ్చి బంగారం మధ్య అక్కడక్కడా నిలబడి ఉంది. తెర మీద ఆ గీతలు చూస్తుంటే, ఎన్నాళ్లుగానో మాటల్లో విన్న మనిషిని ఎదురుగా చూసినట్టు అనిపించింది. మా వ్యాసం అచ్చయింది. వైవాకు వచ్చిన పరీక్షకుడు ఒకే ఒక్క గట్టి ప్రశ్న వేశాడు. మంచి గాలిలో చాలాకాలం ఉంటే బంగారం మళ్లీ పైకి రాదా అని. పనిచేసే గోరువెచ్చదనంలో పరమాణువులు అంతగా కదలవని, అయినా నెలల తరబడి ఉంచితే కొంత మందగించిందని, ఒకసారి ఆ విషగాలిలోనే వేడి చేస్తే తిరిగి మొదటిలా అయిందని చెప్పాను. ఉన్న లోపాన్ని దాచలేదు. ఆయన తల ఊపి పుస్తకం మూశాడు. ఆ సాయంత్రం నుంచి నా పేరు ముందు డాక్టర్ చేరింది.

డిగ్రీ వచ్చినా నాకు ఇంకో పని మిగిలే ఉంది. పొడిని గింజగా చేసి మీటరులో పెట్టి చూడాలి. అధికారుల అనుమతి తీసుకొని, మా గని పైనున్న చాచా గదికి వెళ్లాను. గని లోపలికి తీసుకెళ్లడానికి వీల్లేదు, పైన పరీక్ష పెట్టెలో మాత్రమే అన్నారు. నాకు అదే చాలు. ప్లాటినం తీగను చాచాయే చుట్టాడు. నా వేళ్లు అంత సన్నపనికి ఆగవు. నా పొడిని ముద్ద చేసి ఆ తీగకు పూసి, ఆరబెట్టి, కార్బన్ మోనాక్సైడ్‌లో వేడి చేసి సిద్ధం చేశాం. మొదటి గింజ పగిలిపోయింది. రెండోది నిలిచింది.

పరీక్ష రోజు మొదటి షిఫ్టు దిగి బాపు తిన్నగా అక్కడికే వచ్చాడు. నెత్తి మీద టోపీ, నడుముకు లాంపు బెల్టు అలాగే ఉన్నాయి. ఆయన వెనక ఇంకొందరు. గది నిండిపోయింది. రక్షణ చూసే అధికారి కూడా ఒక మూల నిలబడ్డాడు. చాచా ముందు మీథేన్ వదిలాడు. ముల్లు కదల్లేదు. గాజును వేలితో తట్టి చూశాడు, మీటరు ఆగిపోయిందేమోనని. ఇంకొంచెం వదిలాడు. ముల్లు అలాగే ఉంది. పెట్టెను మంచి గాలితో కడిగి, కార్బన్ మోనాక్సైడ్ సిలిండరు మర తిప్పాడు.

ముల్లు లేచింది. వణకకుండా, ఆగకుండా పైకి వెళ్లి నిలబడింది. మంచి గాలి పంపితే దిగింది. మళ్లీ వదిలితే మళ్లీ లేచింది. చాచా ఎన్నిసార్లు చేశాడో. మీథేన్, విషగాలి, మంచి గాలి, వరుస మార్చి మార్చి. ప్రతిసారీ అది లేవాల్సినప్పుడే లేచింది.

"బరాబర్," అన్నాడు చాచా. సిలిండరు మర కట్టేసి, మీటరును బాపు వైపు తిప్పాడు.

బాపు గాజుకు ముఖం ఆనించి ఆ ముల్లునే చూస్తున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. బొగ్గు అంటిన చేయి నా నెత్తి మీద పెట్టబోయి, జుట్టు మాసిపోతుందని ఆపుకున్నాడు. నేనే ఆ చేయి పట్టుకొని నెత్తి మీద పెట్టుకున్నాను.

అధికారి నాకు ఆశలు కల్పించలేదు. లోపలికి వెళ్లాలంటే ఇంకా చాలా పరీక్షలు ఉంటాయని, ఏళ్లు పట్టవచ్చని, పెద్ద లాబ్‌కు సిఫారసు చేస్తానని చెప్పాడు. చెప్పినట్టే చేశాడు. నా గింజ ఇప్పటికీ ఏ గనిలోకీ దిగలేదు. దాని మీద వేరేవాళ్లు ఇంకా పని చేస్తున్నారు, నాకంటే బాగానే చేస్తున్నారు. అయినా ఆ రోజు నేను గెలిచాననే అనుకున్నాను, ఇవాళా అదే అనుకుంటాను. చూడలేని, వాసన చూడలేని దాన్ని ఒక గింజ చేత పట్టించాను.

రాష్ట్రం వస్తుందని ఖాయమైన రోజులవి. కాలనీలో ఏ ఇంటి ముందు చూసినా నవ్వులే. మరుసటి పొద్దున నల్లా దగ్గర ఆడవాళ్లు అవ్వను చుట్టుముట్టారు. బిడ్డ ఏదో కనిపెట్టిందట, ఏంది కథ అని. నేను బిందె నింపుకోవడానికి వెనకే వచ్చాను. పక్కింటక్క నన్ను అడగబోతే అవ్వ ఆపింది. చెప్పే వంతు తనదే అన్నట్టు కొంగు దోపుకుంది.

"ఒక లోహం గట్టిగ పట్టుకుంటది, ఇడువది. ఇంకోటి అసలే పట్టుకోదు. రెంటిని పక్కపక్కకు పెడితే, పట్టుకుంటది, పని కాంగనే ఇడుస్తది. గదే నా బిడ్డ సదివిన సదువు."

నేను చేసిన పనిని నా థీసిస్‌లో కూడా అంత చిన్నగా చెప్పలేకపోయాను. బిందె నల్లా కింద పెట్టాను. పక్కింటక్క అంతా విని, ఇదంతా మంచిదే గాని దావత్ ఎప్పుడని అడిగింది. అందరూ ఆ మాటే అందుకున్నారు.

"ఐతారం," అంది అవ్వ, ఏమాత్రం ఆలోచించకుండా. "వాడకట్టు మొత్తం రావాలె. ఎవ్వరింట్ల పొయ్యి ముట్టియ్యద్దు."

ఇంట్లో ఈ మాట బాపుకు ఇంకా తెలియదు. అవ్వ అప్పటికే పెద్ద వంట గంజులు ఎవరి దగ్గర ఉన్నాయో అడుగుతోంది.